పధ్నాలుగో గడిలో నూకరాజు

తీరప్రాంత లవణాభివృద్ధి సంస్థ వాలీబాల్ జట్టుకి పదకొండేళ్ళుగా కాకినాడలో చాలా మంచి పేరుండేది. ప్రభుత్వ సంస్థల పోటీల్లో ఎవరికైనా మొదటి మ్యాచ్ ఆ జట్టుతో పడిందంటే, వాళ్ళు ఆ పూటే రెండో మ్యాచ్‌కి బనియన్లు ఉతికి ఆరేసుకునేవారు. అంత నమ్మకస్థులు మనవాళ్ళు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరి నమ్మకాన్నీ వమ్ము చేసి ఎరగరు.

అలాంటి జట్టులోకి కిందటేడు ఆటగాళ్ళ కోటాలో సూరాడ నూకరాజు వచ్చి పడ్డాడు. ఉప్పాడ అవతల వేటకెళ్ళేవాళ్ళ పేట వాడిది. ఇరవై రెండేళ్ళు, బక్కపలచని మనిషి, మోకాళ్ళ దాకా చేతులు. వాడు లిఫ్టరు. వాలీబాల్ తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, తెలిసినవాళ్ళు ఈ రెండు ముక్కలూ దాటేయండి. నెట్టు పక్కన నిలబడి, తనవాళ్ళు అందించిన బంతిని వేళ్ళ కొసలతో పైకి లేపి, ఎగిరి కొట్టేవాడికి సరిగ్గా కొట్టే ఎత్తులో ఇచ్చేవాడే లిఫ్టరు. కొట్టినవాడికి చప్పట్లు, లిఫ్టరుకి వేళ్ళనొప్పులు.

నూకరాజు ముందు గంగాధరం ఉంటాడు, వెనక బుల్లబ్బాయి ఉంటాడు. ఇద్దరూ గట్టిగా కొట్టేవాళ్ళే. బంతి వచ్చేసరికి నూకరాజు కళ్ళు గంగాధరం మీదుంటాయి, మెడ అటే ఉంటుంది, భుజాలు కూడా అటే. అది చూసి అవతలివాళ్ళు గంగాధరం ఎదుట గోడలాగా చేతులెత్తి ఎగురుతారు. బంతి మాత్రం నూకరాజు నెత్తి మీంచి వెనక్కి పోయి బుల్లబ్బాయికి అందుతుంది. అక్కడ అడ్డుకోవడానికి పిట్ట కూడా ఉండదు. ఇసకలో ఆడుకుంటూ వాడు సొంతంగా పట్టిన విద్య అది.

ఆ విద్యతో జట్టు ఈ ఏడు మొదటి మ్యాచ్ నెగ్గింది. కోచ్ దేవదానం మాస్టారికి ఆ సాయంత్రం అన్నం కూడా సహించలేదు, సంతోషంతో. రెండో మ్యాచ్ ఎన్ని గంటలకో ఆయనకి తెలియదు మరి, ఎప్పుడూ అవసరం పడలేదు.

అంతా బాగానే ఉంది గానీ, నూకరాజుది ఇంకా ప్రొబేషను. నెలాఖరు సోమవారానికి ఏడాది నిండుతుంది. ఆ లోపల వాడి మదింపు ఫారం పూర్తయితే ఉద్యోగం ఖాయం, పూర్తి కాకపోతే నియామకం దానంతటదే రద్దు. రద్దయితే మళ్ళీ పడవెక్కాలి. పడవెక్కడానికి వాడికేం నామోషీ లేదు. కానీ బంతి ముట్టుకోకుండా ఒక్క సాయంత్రం గడిచినా ఏదో పోగొట్టుకున్నట్టు తిరిగే రకం వాడు. రోజూ బంతాడుకోమని కుర్చీ వేసి మరీ చెప్పే చోటు ఈ భూమ్మీద ఉందని తెలిసి ఏడాదే అయింది. దాన్ని పోగొట్టుకోవడమంటే మాటలా!

ఫారంలో ఇరవై రెండు గడులు. అది గుమాస్తాల కోసం అచ్చేసిన ఫారం. ఆటగాళ్ళకి వేరే ఫారం లేదు, దానికి ప్రతిపాదన పంపారట గానీ ఆ ప్రతిపాదన రాయడానికి కూడా ఏదో ఫారం కావాలట. ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంట్ విశాలాక్షిగారు దేవదానం మాస్టార్ని పిలిపించి గడులు నింపడం మొదలెట్టారు.

"ఆరో గడి, ఫలితాలు. ఏడాదిలో వీడు స్వయంగా సంపాదించిన పాయింట్లెన్ని మాస్టారూ?"

"మూడండి."

"మూడేంటండీ! గంగాధరం రెండొందల పదహారు కొట్టాడే!"

"ఆ రెండొందల పదహారూ వీడు వడ్డిస్తే వాడు తిన్నవేనమ్మా!"

విశాలాక్షిగారు ఇంట్లో నలుగురికి వడ్డించే మనిషి. సంగతి వెంటనే బోధపడింది. 'సహోద్యోగుల అభ్యున్నతికి తోడ్పడును' అని రాసి, కింద 'తుది ఫలితము పోటీల అనంతరము' అని చేర్చారు. అక్కణ్ణించి పదమూడో గడి దాకా బండి ఆగలేదు. పధ్నాలుగో గడి దగ్గర ఆవిడ కలం మూసేశారు.

"ఇది నాది కాదు. 'నిజాయితీ'. ఉద్యోగి పని చేస్తుండగా స్వయంగా చూసి విజిలెన్స్ అధికారి రాయాలి."

విజిలెన్స్ అధికారి కోదండపాణిగారు. ఇరవయ్యేడేళ్ళ సర్వీసు. నిప్పులాంటి మనిషి. ఒకరి గదిలో కాఫీ తాగి ఎరగడు, ఒకరి కుర్చీలో కూర్చుని ఎరగడు. మర్నాడు సాయంత్రం గొడుగు, మడత కుర్చీ, రిజిస్టరు పట్టుకుని సొంత కాళ్ళ మీద వాలీబాల్ కోర్టుకి నడిచొచ్చాడు. నెట్టు స్తంభం పక్కన కుర్చీ వేసుకుని గంటంపావు కళ్ళార్పకుండా చూశాడు. మూడో రోజున నూకరాజుకి మెమో అందింది.

'సదరు పరిశీలనలో, మీరు ముప్పది నాలుగు పర్యాయములు తమ కన్నులు, మెడ మరియు భుజముల ద్వారా ఒక దిక్కును సూచించి, చేతుల ద్వారా బంతిని వేరొక దిక్కునకు పంపియున్నట్లు గమనించడమైనది. తద్వారా ఎదుటి పక్షమును తప్పుదోవ పట్టించినందున మీపై ఏల చర్య గైకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

నూకరాజు మెమో పట్టుకుని కోదండపాణిగారి గదిలోకి వెళ్ళాడు.

"ఆటంటే అదేనండి సార్. అటు చూసి ఇటెయ్యాలండి."

"అటు చూసినప్పుడు నీ మనసులో ఏముంది? అటు వెయ్యాలనా, ఇటు వెయ్యాలనా?"

"ఇటెయ్యాలనేనండి."

"అంటే ముందస్తు ఉద్దేశం ఉంది." ఆయన రాసుకున్నాడు. "ఎవర్ని మోసం చేశావు?"

"మోసం కాదండి బాబూ! అవతలోళ్ళండి. రేవుల నిర్వహణ సంస్థోళ్ళు, ప్రాక్టీసుకొచ్చారండి."

"అదీ ప్రభుత్వ సంస్థే." ఆయన ముఖం పాలిపోయింది. "ఒక ప్రభుత్వ ఉద్యోగి, విధి నిర్వహణలో ఉండి, మరో ఆరుగురు ప్రభుత్వోద్యోగుల్ని, పట్టపగలు, ముప్పై నాలుగు సార్లు!"

నూకరాజు తల వంచుకున్నాడు. అలా వరసగా చెబుతుంటే వాడికీ అది పెద్ద నేరంలాగే వినిపించింది.

ఇక త్రిసభ్య సంఘం కూర్చుంది. అధ్యక్షులు ఎండీగారు, సభ్యులు కోదండపాణిగారు, విశాలాక్షిగారు. ఎండీగారికి ఆటలంటే ప్రాణం, అందులో తొమ్మిది మంది ఆడతారా పదకొండు మందా అన్నది తప్ప మిగతాదంతా తెలుసు.

"లిఫ్టు చేయవద్దని మేము ఆదేశించబోము," అన్నారు గంభీరంగా. "ఆటలో జోక్యం సంస్థ విధానం కాదు. పారదర్శకత పెంచవలసిందిగా మాత్రమే కోరుచున్నాము."

పారదర్శకత ఎలా పెంచాలో కోదండపాణిగారు చెప్పాడు. బంతి ఎటు పంపబోతున్నాడో నూకరాజు ముందుగా, బిగ్గరగా, అందరికీ వినపడేలా ప్రకటించాలి. ప్రకటించిన దిక్కుకే పంపాలి. ఒక్క బంతి తేడా వచ్చినా పధ్నాలుగో గడిలో 'సందేహాస్పదం' అని పడుతుంది. ప్రకటన పాఠం కూడా ఆయనే రాసిచ్చాడు.

మర్నాడు ప్రాక్టీసు మొదలైంది. బుల్లబ్బాయి ఇవతలికి అందించిన బంతి గాల్లో ఉంది. నూకరాజు గొంతు సవరించుకున్నాడు.

"సూరాడ నూకరాజు అను నేను, స్వబుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఈ బంతిని..."

'స్వబుద్ధి' దగ్గరే బంతి నేల మీద పడింది. రెండోదీ అంతే. మూడోసారి 'ఒత్తిడి' దాకా వచ్చాడు, బంతి వాడి నెత్తి మీద పడింది. అలా నలభై బంతులు పడ్డాయి. కోదండపాణిగారు రిజిస్టరు మూసి, నూకరాజు భుజం తట్టాడు.

"భేష్! నలభైకి నలభై. ఒక్క అబద్ధం లేదు!"

"ఒక్క బంతీ లేవలేదు కూడానండి," అన్నాడు దేవదానం మాస్టారు.

"లేవడం, పడటం ఆరో గడి కిందకి వస్తాయి మాస్టారూ. నాది పధ్నాలుగు."

మాస్టారు తలపట్టుకుని వెళ్ళి విశాలాక్షిగారి ముందు కూలబడ్డాడు. ఆవిడ నిబంధనల పుస్తకం తిరగేసి, దీర్ఘ ప్రకటనలకి సంక్షిప్త రూపం వాడుకోవచ్చన్న వాక్యం వెతికి పట్టారు. దాంతో ప్రకటన రెండు మాటలకి దిగింది. గంగాధరానికైతే 'ముందుకి', బుల్లబ్బాయికైతే 'వెనక్కి'.

క్వార్టర్ ఫైనల్లో ప్రత్యర్థులు ఆ రేవులవాళ్ళే. మొదటి బంతి రాగానే నూకరాజు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని "వెనక్కి!" అని అరిచాడు. రేవులవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. వీడి సంగతి వాళ్ళకి తెలీదా! ఆరుగురూ గంగాధరం ఎదుటికి పరిగెత్తారు. బంతి వెనక్కే పోయింది. "ముందుకి!" అన్నాడు. అందరూ వెనక్కి పోయారు. బంతి ముందుకే వచ్చింది. ఆట ముగిసేదాకా నూకరాజు ఒక్క అబద్ధం ఆడలేదు, వాళ్ళు ఒక్క నిజం నమ్మలేదు. మూడు సెట్లూ మనవే.

రేవుల కెప్టెన్ చెమట తుడుచుకుంటూ నేరుగా కోదండపాణిగారి కుర్చీ దగ్గరికొచ్చాడు.

"ఇదెక్కడి అన్యాయమండీ! వాడు నిజం చెప్పి మమ్మల్ని మోసం చేశాడు."

కోదండపాణిగారికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. రెండో మెమో తయారైంది. 'సత్యమును పలికినప్పటికీ, అది విశ్వసింపబడదని తెలిసియుండియు పలుకుట సత్యమును దుర్వినియోగపరచుటయే యగును.' ఈసారి నూకరాజు సంజాయిషీ కూడా ఇవ్వలేకపోయాడు. నిజం చెప్పినందుకు క్షమించమని ఏ మాటల్లో రాయాలో వాడికి అర్థం కాలేదు.

సంఘం మళ్ళీ కూర్చుని పరిష్కారం కనిపెట్టింది. పోటీల్లో మిగిలిన జట్లన్నిటికీ సంస్థ తరఫున సర్క్యులర్ పోయింది. 'మా లిఫ్టరు చేయు ప్రకటనలు యథార్థములు. వాటిపై ఆధారపడి తమ క్రీడాకారులు నిస్సంకోచముగా ఎగరవచ్చును.' కింద గుండ్రటి సీలు.

సెమీఫైనల్లో తాటి ఉత్పత్తుల సంస్థవాళ్ళు ఆ కాగితాన్ని గోడకి అంటించుకుని మరీ చదువుకున్నారు. "సీలు కూడా కొట్టారంటే ఇందులో ఏదో మతలబుందిరోయ్," అనుకున్నారు పాపం, వాళ్ళూ ప్రభుత్వోద్యోగులే కదా. నూకరాజు ఎటంటే అటు వదిలేసి రెండోవైపు ఎగిరారు. మళ్ళీ మూడు సెట్లూ మనవే. లవణాభివృద్ధి సంస్థ ఫైనల్‌కి వచ్చింది. ఊళ్ళో జనం అది అచ్చుతప్పనుకున్నారు.

ఎండీగారు ఉప్పొంగిపోయారు. ఉప్పొంగిన ఎండీల వల్ల ఎవరికీ మంచి జరగదు. సంఘాన్ని సమావేశపరిచి ప్రకటించారు.

"ఇంత పారదర్శకంగా ఆడే జట్టు కప్పు గెలవకపోతే పారదర్శకతకే అప్రతిష్ఠ. అంచేత ఆరో గడిలో 'సంతృప్తికరం' అని రాయాలంటే కప్పు తప్పనిసరి."

ఇంకేముంది! ఆరో గడికి కప్పు కావాలి, పధ్నాలుగో గడికి నిజం కావాలి. రెండూ ఉంటేనే సోమవారం నూకరాజుకి ఉద్యోగం. ఫైనల్ శనివారం.

పోనీ, ఇప్పటిదాకా నిజమే గెలిపించింది గదా అని వాడు గుండె చిక్కబట్టుకున్నాడు. కోదండపాణిగారు ఆ ధైర్యం కూడా మిగలనివ్వలేదు. కాగితాన్ని నమ్మడం లేదని గ్రహించి, శనివారం ఆట మొదలయ్యే ముందు గొడుగేసుకుని తానే గోనెసంచుల సంస్థ ఆటగాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

"నేను కోదండపాణిని. ఆ అబ్బాయి ముందుకి అంటే ముందుకే, వెనక్కి అంటే వెనక్కే. దానికి నాదీ పూచీ."

గోనెసంచులవాళ్ళు లేచి నిలబడ్డారు. సీలునైతే అనుమానిస్తారు గానీ కోదండపాణిగారి మాటని జిల్లాలో ఎవరనుమానిస్తారు! వాళ్ళ బావగారి ఆఫీసులోనో, మేనమామ ఆఫీసులోనో ఆయన్ని చూసి ఉన్నవాళ్ళే అందరూ. కెప్టెన్ వినయంగా నమస్కారం పెట్టాడు. "మీరు చెప్పాక ఇంకేముందండి, ఆయ్!"

ఆట మొదలైంది. గోనెసంచులవాళ్ళు ఆరుగురూ తాడిచెట్లు. నూకరాజు కళ్ళూ భుజాలూ చూడటం మానేసి, వాడి నోటికేసి చూస్తూ నిలబడ్డారు. "ముందుకి!" అనగానే ముందు గోడ లేచింది. గంగాధరం కొట్టిన బంతి తిరిగొచ్చి వాడి ముక్కుకే తగిలింది. "వెనక్కి!" అనగానే వెనక గోడ. మొదటి రెండు సెట్లు కళ్ళు మూసి తెరిచేలోగా పోయాయి. కోదండపాణిగారు మాత్రం ప్రతి బంతికీ రిజిస్టర్లో 'సత్యం' అని టిక్కు పెడుతూనే ఉన్నాడు.

మూడో సెట్టులో నూకరాజు పళ్ళు బిగించాడు. మాట నోట్లోంచి రావడం, బంతి చేతుల్లోంచి పోవడం ఒక్కసారే జరిగేలా వెయ్యడం మొదలెట్టాడు. పొడుగు మనుషులు వినేసరికి, విని ఎగిరేసరికి బంతి అవతల పడి ఉండేది. వేళ్ళు వాచాయి, గొంతు బొంగురుపోయింది. అయినా మూడోదీ, నాలుగోదీ లాక్కొచ్చాడు. చూస్తున్న జనం అరుపులతో పక్కనే ఉన్న కళ్యాణమండపంలో సన్నాయి వినపడలేదు. ఇంకో సంగతుంది. మూడు వారాలుగా ప్రతి సాయంత్రం అదే కుర్చీలో కూర్చుని చూస్తున్న కోదండపాణిగారికి ఆట తెలిసిపోయింది. ఎవడు ఎటు వాలుతున్నాడో, ఎక్కడ ఖాళీ ఉందో ఆయనకిప్పుడు నూకరాజు కంటే ముందే కనపడుతోంది. నాలుగో సెట్టు నుంచి టిక్కులు పెట్టడం కూడా మర్చిపోయాడు.

అయిదో సెట్టు. పధ్నాలుగు, పదమూడు. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు. గంగాధరానికి పిక్కలు పట్టేశాయి, ఇంకొక్కసారి ఎగరగలడు, అంతే. దేవదానం మాస్టారు ఆట ఆపించి నూకరాజు చెవిలో నోరు పెట్టాడు.

"ఒరే, ఒక్క అబద్ధం ఆడరా నాయనా. ఒక్కటే. వెనక్కి అని ముందుకెయ్యి."

"ఆడితే పధ్నాలుగో గడి పోద్దండి మాస్టారూ."

"ఆడకపోతే ఆరోది పోద్దిరా!"

నూకరాజు ఏడుపు మొహంతో తన చోటికి పోయాడు. సర్వీసు వచ్చింది. బుల్లబ్బాయి ఒళ్ళు నేలకేసి కొట్టుకుంటూ బంతిని లేపాడు. అది నింపాదిగా, మెల్లిగా, నూకరాజు నెత్తి మీదికి దిగుతోంది. ఈ బంతిని హడావిడిగా వెయ్యడానికి కూడా లేదు, అంత నెమ్మదిగా ఉంది. ముందుకి అన్నాడా, ఆరుగురూ ముందే ఉంటారు. ఆరుగురూ మునివేళ్ళ మీద లేచి వాడి పెదాలకేసే చూస్తున్నారు. వాడు నోరు తెరిచాడు.

"వెనక్కి!"

ఆ కేక నూకరాజుది కాదు. కుర్చీ వెనక్కి పడిపోయింది, రిజిస్టరు ఇసకలో పడింది, కోదండపాణిగారు నిలబడి గొడుగుతో బుల్లబ్బాయి వైపు చూపిస్తున్నాడు. ఆయన ముఖంలో అణువంత సందేహం లేదు. గోనెసంచుల సంస్థ యావత్తూ బుల్లబ్బాయి ఎదుటికి ఉరికి, చేతులు చాచి ఆకాశానికెగిరింది.

నూకరాజు తెరిచిన నోరు మూశాడు. కిక్కురుమనకుండా బంతిని ముందుకి పెట్టాడు. గంగాధరం ఎదురుగా అంత మైదానం ఖాళీగా కనపడేసరికి, పాపం, ఒక్క క్షణం ఎక్కడ కొట్టాలో తోచలేదు. తర్వాత కొట్టాడు.

అరుపులు, ఈలలు, కండువాలు గాల్లోకి. ఆ హోరులోనే గోనెసంచుల కెప్టెన్ కోదండపాణిగారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అయ్యా! మీరే గదండీ వెనక్కి అన్నారు!"

"అన్నాను," అన్నాడాయన. రిఫరీ నియమావళి రెండుసార్లు తిరగేశాడు. కుర్చీలో కూర్చున్నవాడు అరవకూడదని ఎక్కడా లేదు. కప్పు మనదే.

సోమవారం పొద్దున్నే త్రిసభ్య సంఘం కూర్చుంది. నూకరాజు గుమ్మం బయట నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఆరో గడి నిండింది. పధ్నాలుగో గడి దగ్గర ఎండీగారు ఆగిపోయారు.

"చివరి బంతికి ఉద్యోగి ప్రకటన చేయలేదు. ఇది ఉల్లంఘన కాదా?"

"కాదండి," అన్నారు విశాలాక్షిగారు. ఆవిడ ఆదివారమంతా నిబంధనల పుస్తకంతోనే గడిపారు. "ప్రవర్తనా నియమాల ప్రకారం, పై అధికారి మాట్లాడుతుండగా కింది ఉద్యోగి నోరు మెదపరాదు. కోదండపాణిగారు మాట్లాడుతున్నారు. నూకరాజు మెదపలేదు. విధేయతకి ఇంతకంటే తార్కాణం ఉండదు."

"ఆ మాట అబద్ధం కదమ్మా?"

"అబద్ధమేనండి. కానీ నూకరాజుది కాదు."

అందరూ కోదండపాణిగారి వైపు చూశారు. ఆయన నిబ్బరంగా కలం తీసి, పధ్నాలుగో గడిలో 'నిజాయితీ నిస్సందేహం' అని రాసి సంతకం పెట్టాడు.

"నా విషయంలో నేనే విచారణకి ఆదేశించుకున్నాను," అన్నాడు. "విచారణాధికారిని నేనే. సాక్షులు ఎక్కువమంది ఉన్నందున ఆరు నెలల గడువు కోరాను. మంజూరు కూడా చేసుకున్నాను."

నూకరాజు ఉద్యోగం ఖాయమైంది. ఉత్తర్వు కాగితం చేతిలోకి రాగానే వాడు ఎండీగారి గది ముందే ఒక గెంతు గెంతాడు. తర్వాత కోదండపాణిగారి కోసం వరండాలో కాచుక్కూచుని, ఆయన గొడుగు తీసుకుని బయటికి రాగానే ఎదురెళ్ళాడు. దండం పెట్టబోతే ఆయన పెట్టనివ్వలేదు.

"ఒక్క మాటడుగుతానండి సార్, ఏమీ అనుకోకండి. మీరెందుకండి అలా అరిచేశారు? మీ నోట అబద్ధమేటండి!"

కోదండపాణిగారు అటూ ఇటూ చూశాడు. వరండాలో ఎవరూ లేరు. ఆయన మొహం మీదికి నవ్వొచ్చింది, ఆ మొహం మీద నవ్వు నూకరాజు అంతకుముందు చూడలేదు.

"అరిచేముందు ఏమీ ఆలోచించలేదయ్యా. అరిచాక మాత్రం కళ్ళారా చూశాను. ఆరుగురికి ఆరుగురూ, ఒక్కడూ వెనకాడకుండా ఎగిరారు. ఇరవయ్యేడేళ్ళ సర్వీసులో నా మాట మీద ఇంతమంది ఒక్కసారి పైకి లేవడం అదే మొదలు నూకరాజూ."